ఏ దేశం, ఏ ఏడాది, ఏ వరుస: స్పానిష్ ఆస్తుల పద్దులను ఇంగ్లిష్ చేయడం

ఏప్రిల్ వచ్చిందంటే నా ఇన్‌బాక్స్ నిండా స్పెయిన్ కంపెనీల వార్షిక లెక్కలే. అక్కడ ఎక్కువ కంపెనీలకు ఆర్థిక సంవత్సరం డిసెంబర్ 31తో ముగుస్తుంది. మూడు నెలల్లోపు డైరెక్టర్లు లెక్కలు తయారు చేయాలి. ఆరు నెలల్లోపు వాటాదారుల సమావేశం ఆమోదించాలి. ఆమోదించిన నెలలోపు రెహిస్త్రో మెర్కాంతిల్ అనే కంపెనీల రిజిస్ట్రీలో దాఖలు చేయాలి. ఈలోగా అప్పిచ్చిన బ్యాంకుకో, మరో దేశంలో ఉన్న మాతృసంస్థకో, కంపెనీని కొనాలని చూస్తున్నవాళ్లకో ఇంగ్లిష్ ప్రతి కావాలి. ఆ ఇంగ్లిష్ ప్రతి తయారుచేయడమే నా పని. హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని చేస్తాను. వేసవిలో మాడ్రిడ్ మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి, వాళ్లు ఆఫీసుకొచ్చి నా సందేహాలకు జవాబులు రాసేలోపు నాకు సగం రోజు ప్రశాంతంగా దొరుకుతుంది.

ఇంటర్‌లో నాది సీఈసీ, అదీ తెలుగు మీడియం. తర్వాత బీకాం. ఆ తర్వాత తార్నాక దగ్గర ఇఫ్లూలో స్పానిష్ నేర్చుకున్నాను. చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టిక అన్న మాటలతో అకౌంటెన్సీ నేర్చుకున్నదాన్ని కాబట్టి ఒకే పద్దుకు మూడు భాషల్లో మూడు పేర్లుండటం నాకు మొదటినుంచీ అలవాటే. ఆ అలవాటు ఈ పనిలో చాలా అక్కరకొచ్చింది. ఈమధ్య స్పానిష్ నేర్చుకుంటున్న కామర్స్ పిల్లలు కొందరు "అక్కా, ఫైనాన్స్ అనువాదానికి మంచి డిక్షనరీ ఏది?" అని అడుగుతున్నారు. డిక్షనరీ కావాలి, కాదనను. కానీ దాన్ని తెరిచేముందు మూడు సంగతులు తెలియాలి. ఆ లెక్కలు ఏ దేశానివి, ఏ ఏడాదివి, ఆ మాట పట్టికలో ఏ వరుసలో ఉంది. ఈ మూడూ తెలియకుండా ఆస్తుల పక్క ఒక్క పద్దునైనా నమ్మకంగా ఇంగ్లిష్‌లోకి తేలేం. ఎందుకంటున్నానో ఉదాహరణలతో చెబుతాను.

ఆస్తుల పట్టికలో మొదట ఎదురయ్యే మాట ఇన్మోబిలిసాదో. మాడ్రిడ్ వాళ్ల నోట ఇది ఇన్మోబిలిథాదో అని పలుకుతుంది. నేను లాటిన్ అమెరికా పలుకుబడినే రాస్తున్నాను. మాటకు మాట చూస్తే "కదలకుండా చేసినది". మెషీన్ అనువాదంలో దీన్ని "ఇమ్మొబిలైజ్డ్ మెటీరియల్" అని మార్చేసిన ఫైళ్లు సరిదిద్దమని ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి. లండన్‌లో బ్యాంకు ఆఫీసర్ ఆ లైన్ చూస్తే గోడౌన్‌లో ఇరుక్కుపోయిన సరుకేమో అనుకుంటాడు. నిజానికి ఇన్మోబిలిసాదో మతెరియాల్ అంటే కంపెనీ ఏళ్ల తరబడి వాడుకోవడానికి ఉంచుకున్న భూమి, భవనాలు, యంత్రాలు, బండ్లు, కుర్చీలు, కంప్యూటర్లు. అంటే ఇంగ్లిష్‌లో ప్రాపర్టీ, ప్లాంట్ అండ్ ఎక్విప్‌మెంట్. కదలనిది వస్తువు కాదు, అందులో పెట్టిన డబ్బు. డెలివరీ వ్యాన్ రోజూ రెండొందల కిలోమీటర్లు తిరిగినా అది ఇన్మోబిలిసాదోనే. కదలని ఆస్తికి, అంటే ఇల్లూ పొలాలకు, స్పానిష్‌లో వేరే మాట ఉంది, ఇన్ముయెబ్లె.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇది తేలిగ్గా బోధపడుతుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థిరాస్తి అంటే ఇల్లు, స్థలం, పొలం. అదే స్థిరాస్తి అన్న మాట మా ఇంటర్ పుస్తకంలో ఫిక్స్‌డ్ అసెట్స్‌కు వాడేవారు. అక్కడ యంత్రాలూ ఫర్నిచరూ లారీలూ కూడా స్థిరాస్తులే. మనకు రెండింటికీ ఒకటే మాట కాబట్టి సందర్భాన్ని బట్టి విడదీసుకుంటాం. స్పానిష్‌కు రెండు మాటలున్నాయి, ఇంగ్లిష్‌కూ రెండున్నాయి. ఇన్మోబిలిసాదోను ఇమ్మూవబుల్ ప్రాపర్టీ అని రాస్తే ఒక జతలోని మాటను ఇంకో జతలో పెట్టినట్టవుతుంది. కంపెనీ కొనేవాడు అంత భూమి ఉందనుకుని ధర కడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక ఏ ఏడాదివి అన్న సంగతి. స్పెయిన్‌లో ప్రతి కంపెనీ లెక్కలకూ ప్లాన్ హెనెరాల్ దె కొంతాబిలిదాద్ అనే ప్రభుత్వ ప్రణాళిక ఆధారం. మొదటిది 1973లో వచ్చింది. యూరోపియన్ కమ్యూనిటీలో చేరాక 1990లో కొత్తది రాశారు. ఇప్పుడు నడుస్తున్నది 2007 నవంబర్ 16 నాటి 1514 నంబరు రాజశాసనంతో వచ్చి, 2008 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలకు దగ్గరగా తేవాలని దీన్ని రాశారు. దాంతో మాటలే మారిపోయాయి. 1990 ప్లాన్‌లో కనిపించని ఆస్తులు ఇన్మతెరియాల్, 2007 తర్వాత ఇన్తాన్హిబ్లె. కరెంట్ అసెట్స్ అప్పట్లో సిర్కులాంతె, ఇప్పుడు కొర్రియెంతె. కంపెనీ స్థాపించడానికి అయిన ఖర్చులను కూడా పాత ప్లాన్‌లో ఆస్తుల పక్కనే చూపేవారు. కొత్త ప్లాన్‌లో ఆ పద్దు ఆస్తుల్లోంచి పోయింది.

ఖాతా నంబర్ల సంగతి ఇంకా ఆసక్తికరం. 213 అన్న నంబరు చూస్తే ఇప్పటి స్పానిష్ అకౌంటెంట్‌కు మాకినారియా, అంటే యంత్రాలు. 1990 ప్లాన్‌లో అదే 213 గుడ్‌విల్, అంటే ఒక కంపెనీని కొన్నప్పుడు దాని పుస్తక విలువకంటే ఎక్కువ ఇచ్చిన మొత్తం. గుడ్‌విల్ ఇప్పుడు 204లో ఉంది, యంత్రాలు అప్పట్లో 223లో ఉండేవి. 217 అంటే ఇప్పుడు కంప్యూటర్లూ వాటి సామగ్రీ. పాత ప్లాన్‌లో ఫైనాన్స్ లీజు మీద తీసుకున్న వస్తువులపై హక్కు, అది కూడా కనిపించని ఆస్తి కింద. పాత కోర్టు కేసుకో, వారసత్వ తగాదాకో సంబంధించి 2004, 2005 నాటి లెక్కలు అనువాదానికి వచ్చినప్పుడు నేను మొదట చూసేది తేదీ. తర్వాతే పదాలు. నంబర్ల జాబితా పాటించడం కంపెనీలకు తప్పనిసరి కాదు, కొందరు సొంత నంబర్లు కూడా వాడుకుంటారు. అయినా చాలామంది ప్లాన్ నంబర్లే వాడతారు కాబట్టి, అసలు పద్దు పేరు అస్పష్టంగా ఉన్నప్పుడు పక్కనున్న మూడంకెల నంబరే నాకు ఆధారం.

దేశం, ఏడాది రెండూ కలిసి ఒకే మాట మీద పడే చోటు ఒకటుంది. దెప్రెసియాసియోన్. చూడగానే డిప్రిసియేషన్ అనిపిస్తుంది కదా. మెక్సికో లెక్కల్లో అయితే నిజంగా డిప్రిసియేషనే, మన తరుగుదలే. అక్కడ యంత్రాలకు దెప్రెసియాసియోన్, సాఫ్ట్‌వేర్ లాంటి వాటికి అమోర్తిసాసియోన్. ఇంగ్లిష్ పద్ధతికి సరిగ్గా సరిపోతుంది. స్పెయిన్‌లో అలా కాదు. అక్కడ యంత్రమైనా పేటెంట్ అయినా ఏటేటా తరిగేది అమోర్తిసాసియోనే. కాబట్టి స్పెయిన్ ఫైల్లో ఆ మాట కనిపిస్తే అది ఏ ఆస్తి పక్కనుందో చూడాలి. యంత్రాల పక్కనుంటే డిప్రిసియేషన్, పేటెంట్ల పక్కనుంటే అమార్టైజేషన్, రెండూ కలిపి ఒకే మొత్తంగా చూపితే డిప్రిసియేషన్ అండ్ అమార్టైజేషన్. అదే మాట అప్పుల నోట్‌లో వస్తే రుణం అసలు తీర్చడం.

మరి స్పెయిన్ పాత లెక్కల్లో ప్రొవిసియోన్ పోర్ దెప్రెసియాసియోన్ దెల్ ఇన్మోబిలిసాదో మతెరియాల్ అని ఒక ఖాతా ఉండేది, నంబరు 292. అది తరుగుదల కాదు. వాడినందువల్ల ఏటా తగ్గే విలువ 28తో మొదలయ్యే ఖాతాల్లోకి వెళ్తుంది. 292 అనేది మార్కెట్ పడిపోవడం వల్లో, మరో కారణంతోనో ఆస్తి విలువ పుస్తకంలో ఉన్నదానికంటే తగ్గిపోయినప్పుడు, అది మళ్లీ పెరిగే అవకాశం ఉందనుకుని పక్కన పెట్టే మొత్తం. ఇప్పటి మాటల్లో ఇంపెయిర్‌మెంట్. 2007 ప్లాన్ దానికి దెతెరియోరో అన్న మాట తెచ్చింది, ప్రొవిసియోన్ అన్న మాటను అప్పుల పక్కకు మాత్రమే పరిమితం చేసింది. అంటే ఒకే మాట మెక్సికో సిటీలో డిప్రిసియేషన్, 2005 నాటి బార్సిలోనాలో ఇంపెయిర్‌మెంట్ కోసం పెట్టిన మొత్తం. డిక్షనరీ ఈ రెండింటినీ విడదీసి చెప్పదు.

దీనిమీదే ఒక ఏజెన్సీతో నాకు పెద్ద వాదన జరిగింది. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో పాత అనువాదాలన్నీ దాచి ఉంటాయి. ఒక మాట వస్తే గతంలో ఎలా అనువదించారో అదే నింపేస్తుంది. ఆ ఫైల్లో 292 ఖాతా పక్కన "అక్యుములేటెడ్ డిప్రిసియేషన్" అని నిండిపోయి వచ్చింది. కింద 282 ఖాతా పక్కన కూడా అదే మాట. ఒకే పట్టికలో రెండు వేర్వేరు వరుసలకు ఒకే పేరు. నేను మార్చాను. వాళ్లు క్లయింట్ ఆమోదించిన పదజాలం మార్చకూడదన్నారు. మామూలుగా ఏజెన్సీలతో నేను గొడవ పెట్టుకోను, కానీ అక్కడ వదల్లేకపోయాను. ఆ లెక్కలు చదివేది ఒక న్యాయమూర్తి. ఆ ఆస్తి అరిగిపోయిందా, విలువ పడిపోయిందా అన్నదే కేసు. చివరికి నేను 282 నిర్వచనమూ, 292 నిర్వచనమూ 1990 ప్లాన్ మూడో భాగంలోంచి తీసి పక్కపక్కన పెట్టి పంపాక ఒప్పుకున్నారు. పదజాలం ఒకేలా ఉండాలన్న నియమం నాకూ ఇష్టమే. కానీ ఆ నియమం ఒకే దేశం, ఒకే ప్లాన్ లోపలే పనికొస్తుంది.

పద్దుల పేర్లు నేర్చుకోవాలంటే బ్యాలెన్స్ షీట్‌కంటే మెమోరియా మంచి చోటు. మెమోరియా అంటే జ్ఞాపకాలు కాదు, లెక్కలకు జతచేసే వివరణలు. ఇంగ్లిష్‌లో నోట్స్ టు ద అకౌంట్స్. అందులో స్థిరాస్తుల కదలికల పట్టిక ఉంటుంది. ఉదాహరణకు ఇలాంటిదొకటి వేసుకుందాం. ఏడాది మొదట్లో బండ్ల విలువ 90.000 యూరోలు, అంటే తొంభై వేలు, స్పెయిన్‌లో వేలకు చుక్క పెడతారు. ఆల్తాస్ కింద 35.000. బాహాస్ కింద 30.000. త్రస్పాసోస్ కింద సున్నా. ఏడాది చివర 95.000. స్పెయిన్ ఆసుపత్రిలో ఆల్తా అంటే డిశ్చార్జ్, ఆఫీసులో బాహా అంటే సిక్ లీవ్. ఈ పట్టికలో ఆల్తాస్ అంటే కొత్తగా కొన్నవి, అడిషన్స్. బాహాస్ అంటే అమ్మేసినవీ, పారేసినవీ, డిస్పోజల్స్. త్రస్పాసోస్ అంటే ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి మార్చినవి, ట్రాన్స్‌ఫర్స్.

ఇప్పుడు ఆ 30.000 బాహాస్‌ను పట్టుకుని కిందికి వెళ్దాం. అది ఒక పాత వ్యాన్. దాని కింద పేరుకుపోయిన తరుగుదల 24.000 ఉంటే, తరుగుదల పట్టికలో కూడా బాహాస్ కింద 24.000 కనిపించాలి. మిగిలిన 6.000 దాని బాలోర్ నేతో కొంతాబ్లె, ఇంగ్లిష్‌లో నెట్ బుక్ వాల్యూ, అంతర్జాతీయ ప్రమాణాల భాషలో క్యారీయింగ్ అమౌంట్. వ్యాన్‌ను 7.500కు అమ్మితే లాభనష్టాల పట్టికలో 1.500 లాభం రావాలి. అనువాదకురాలికి ఈ లెక్కతో పనేమిటని కొందరంటారు. నాకు చాలా పనుంది. బాహాస్‌ను ఒకచోట డిస్పోజల్స్ అని, ఇంకోచోట రిటైర్మెంట్స్ అని, మరోచోట డిక్రీజెస్ అని రాస్తే చదివేవాడు ఆ వ్యాన్‌ను ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి వెంబడించలేడు. త్రస్పాసోస్ వరుస మొత్తం సున్నా వస్తుందో లేదో కూడా చూస్తాను. కట్టడంలో ఉన్న భవనం పూర్తయితే ఒక వరుసలో తగ్గి, ఇంకో వరుసలో పెరుగుతుంది కాబట్టి కూడితే సున్నా రావాలి. రాకపోతే సాధారణంగా ఏదో ఒక భవనం అద్దెకిచ్చే ఆస్తుల నోట్‌లోకి వెళ్లి ఉంటుంది. ఆ ఆస్తులే ఇన్బెర్సియోనెస్ ఇన్మోబిలియారియాస్, ఇంగ్లిష్‌లో ఇన్వెస్ట్‌మెంట్ ప్రాపర్టీ. దీన్ని రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్స్ అని రాసినా అర్థమవుతుంది గానీ, ప్రమాణంలో ఉన్న పేరు వేరు.

ఈ ప్లాన్‌లో నాకు బాగా నచ్చిన నిర్వచనం బండ్లది. 218 ఖాతా ఎలెమెంతోస్ దె త్రాన్స్‌పోర్తె. నేల మీదా, నీటి మీదా, గాలిలోనూ మనుషుల్నీ సరుకుల్నీ పశువుల్నీ మోసే వాహనాలన్నీ ఇందులోకి వస్తాయి. కానీ ఫ్యాక్టరీ లోపలే తిరుగుతూ బయటికి పోనివి మాత్రం 213లోకి, అంటే యంత్రాల్లోకి వెళ్తాయి. ఫోర్క్‌లిఫ్ట్‌కు చక్రాలున్నా, డ్రైవరున్నా అది యంత్రమే. ఫ్యాక్టరీ గేటు దాటుతుందా లేదా అన్నదే గీత. అందుకే ఎలెమెంతోస్‌ను "ట్రాన్స్‌పోర్ట్ ఎలిమెంట్స్" అని వదిలేస్తే చదివేవాడికి ఏమీ అందదు. వెహికిల్స్ అనాలి, ఓడలూ విమానాలూ ఉంటే మోటార్ వెహికిల్స్ అనకూడదు. 214లో ఉతియాహె అని ఉంటుంది. పనిముట్లూ, అచ్చులూ, టెంప్లేట్లూ. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో అచ్చుల ఖరీదు యంత్రాల ఖరీదుతో పోటీ పడుతుంది. అక్కడ టూల్స్ అని రాస్తే పానాలూ స్క్రూడ్రైవర్లూ అనుకుంటారు. ఆ పరిశ్రమవాళ్లు టూలింగ్ అంటారు, నేనూ అదే రాస్తాను. 211లోని కొన్స్త్రుక్సియోనెస్ మాత్రం మామూలుగా బిల్డింగ్స్. కన్‌స్ట్రక్షన్స్ కాదు.

గుడ్‌విల్ దగ్గరికి వచ్చేసరికి స్పానిష్ మాట్లాడే ప్రపంచమంతా తలో దారి పట్టింది. స్పెయిన్‌లో ఫోందో దె కొమెర్సియో. మెక్సికోలో క్రెదితో మెర్కాంతిల్ అన్న మాట ఉంది. అర్జెంటీనాలో యావె దె నెగోసియో, మాటకు మాట వ్యాపారపు తాళంచెవి. చిలీ పాత లెక్కల్లో మెనోర్ బాలోర్ దె ఇన్బెర్సియోనెస్, అంటే పెట్టుబడుల తక్కువ విలువ. కొన్న కంపెనీ పుస్తక విలువ మనం ఇచ్చిన ధరకంటే తక్కువ కాబట్టి ఆ తేడాకు ఆ పేరు పెట్టారు. ఆ లైన్ చూసి ఏదో నష్టం అనుకునే ప్రమాదం ఉంది. అది ఆస్తి. ఇక అంతర్జాతీయ ప్రమాణాల స్పానిష్ అనువాదంలో ప్లుస్బాలీయా అని వాడారు. అదే ప్రమాణాలను యూరోపియన్ యూనియన్ స్పానిష్‌లో ప్రచురించినప్పుడు ఫోందో దె కొమెర్సియో అనే ఉంచింది. స్పెయిన్‌లో ప్లుస్బాలీయా అంటే ఆస్తి అమ్మినప్పుడు వచ్చే లాభం, మామూలు జనం నోట్లో అయితే ఇల్లు అమ్మినప్పుడు మున్సిపాలిటీకి కట్టే పన్ను. అందుకే ప్లుస్బాలీయా కనిపించగానే ఫైలు పైన దేశం పేరు చూస్తాను. లీమా నుంచో సాంతియాగో నుంచో వచ్చిందైతే గుడ్‌విల్ కావచ్చు, సెవియా నుంచి వచ్చిందైతే కాపిటల్ గెయిన్ కావచ్చు.

స్పెయిన్ లోపల కూడా ఒక మెలిక ఉంది. స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్న గ్రూపు తన మొత్తం లెక్కలను 2005 నుంచి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం రాయాలి. అక్కడ గుడ్‌విల్‌ను ఏటా తగ్గించరు, విలువ పడిపోయిందేమో పరీక్షిస్తారు. అదే కంపెనీ విడిగా రాసే లెక్కలు స్పానిష్ ప్లాన్ ప్రకారం ఉంటాయి. 2016 నుంచి అక్కడ గుడ్‌విల్‌ను ఏటా తగ్గించుకుంటూ పోవాలి, వేరే కాలం చూపలేకపోతే పదేళ్లని లెక్క. రెండు ఫైళ్లూ ఒకే వారంలో వస్తాయి. ఒకదాంట్లో గుడ్‌విల్ అమార్టైజేషన్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. మొదటిసారి చూసిన రివ్యూయర్ అది అనువాద దోషమనుకుని మెయిల్ పెడతాడు. ఇప్పుడు నేను ఫైలుతోపాటే రెండు లైన్ల గమనిక రాసి పంపుతున్నాను.

గుడ్‌విల్ పక్కనే ఉండే 205 ఖాతా దెరెచోస్ దె త్రస్పాసో. పైన చెప్పిన త్రస్పాసో ఇక్కడ మళ్లీ వచ్చింది, కానీ ట్రాన్స్‌ఫర్ రైట్స్ అంటే ఎవరికీ అర్థం కాదు. మంచి సెంటర్లో ఉన్న షాపును పాత అద్దెదారు నుంచి తీసుకుంటూ, ఆ అద్దె హక్కు కోసం అతనికి కట్టే డబ్బు ఇది. మన బజార్లలో ఇది అందరికీ తెలిసిన వ్యవహారం. "గుడ్‌విల్ ఇచ్చి షాపు తీసుకున్నాం" అంటారే, అదే. హైదరాబాద్ పాత బజార్లలో పగిడీ అన్న మాటా ఉంది. కాబట్టి మన షాపువాళ్లు గుడ్‌విల్ అనేది స్పానిష్ లెక్కల్లో గుడ్‌విల్ కాదు, దాని పక్క వరుస. ఇంగ్లిష్‌లో లీజ్ ప్రీమియం అని కానీ కీ మనీ అని కానీ రాస్తాను. లెక్కల్లో అయితే లీజ్ ప్రీమియమే నయం, కీ మనీ అంటే కొందరికి చాటుమాటు లంచంలా వినిపిస్తుంది.

అర్జెంటీనా పద్దుల పేర్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. స్థిరాస్తులను వాళ్లు బియెనెస్ దె ఊసో అంటారు, వాడుకునే వస్తువులు. సరుకు నిల్వలను బియెనెస్ దె కాంబియో అంటారు, మార్చుకునే వస్తువులు. ఒకే లారీ రవాణా కంపెనీలో మొదటిది, లారీలమ్మే షోరూంలో రెండోది. అకౌంటెన్సీ మొదటి క్లాసులో చెప్పాల్సిన పాఠమంతా ఆ రెండు పేర్లలోనే ఉంది. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ప్రాపర్టీ, ప్లాంట్ అండ్ ఎక్విప్‌మెంట్ అనీ, ఇన్వెంటరీస్ అనీ రాయక తప్పదు. ఆ జంట అందం పోతుంది. పోనివ్వాలి, చదివేవాడికి కావాల్సింది లెక్క. స్పెయిన్‌లో సరుకు నిల్వలు ఎగ్సిస్తెన్సియాస్. దాన్ని ఎవరికి పంపుతున్నామో చూసుకుని పెట్టాలి. బ్రిటన్‌లో సొంత ప్రమాణాలు వాడే కంపెనీకైతే స్టాక్స్, డెటర్స్, ట్యాంజిబుల్ అసెట్స్. అంతర్జాతీయ ప్రమాణాలైతే ఇన్వెంటరీస్, రిసీవబుల్స్. అమెరికా బ్యాంకుకు స్టాక్స్ అని పంపితే వాళ్లు షేర్లనుకుంటారు.

రావాల్సిన బాకీల దగ్గర ఒక్క విభక్తి లెక్కంతా తిప్పేస్తుంది. అంతిసీపోస్ ఆ ప్రొవెఎదోరెస్ అంటే సరఫరాదారులకు మనమిచ్చిన అడ్వాన్స్. ఖాతా నంబరు 407, సరఫరాదారుల అప్పుల గుంపులో ఉన్నా అది ఆస్తి. పట్టికలో సరుకు నిల్వల కింద చూపిస్తారు. అంతిసీపోస్ దె క్లియెంతెస్ అంటే కస్టమర్ల నుంచి మనం తీసుకున్న అడ్వాన్స్. నంబరు 438, రావాల్సిన బాకీల గుంపులో ఉన్నా అది అప్పు. "సప్లయర్ అడ్వాన్సెస్", "కస్టమర్ అడ్వాన్సెస్" అని కుదించి రాస్తే ఎవరు ఎవరికిచ్చారో తెలియదు. తెలుగులో కు, నుంచి అన్నవి ఎంత స్పష్టంగా చెబుతాయో ఇంగ్లిష్‌లో టు, ఫ్రమ్ అంతే స్పష్టంగా పెట్టాలి. అదే గుంపులో అసియెందా పూబ్లికా, దెఉదోరా అని ఒక వరుస ఉంటుంది. పన్నుల శాఖ మనకు బాకీ అని. ట్యాక్స్ రిసీవబుల్ అంటే సరిపోతుంది. ఫియాన్సాస్ అంటే జామీనులు కాదు, అద్దెకో కరెంటుకో కట్టిన డిపాజిట్లు.

అంకెల గురించి ఒక్క మాట. స్పెయిన్‌లో వేలను చుక్కతో విడదీసి, దశాంశానికి కామా పెడతారు. మెక్సికోలో దశాంశానికి చుక్కే. పట్టిక పైన మీలెస్ దె ఎఉరోస్ అని ఉంటే అంకెలన్నీ వేల యూరోల్లో అని. ఉన్ బియోన్ అంటే ఇంగ్లిష్ బిలియన్ కాదు, లక్ష కోట్లు. ఇంగ్లిష్ బిలియన్‌ను వాళ్లు మీల్ మియోనెస్ అంటారు, మనకది వంద కోట్లు. నేను అనుమానం వచ్చినప్పుడల్లా మనసులో కోట్లలోకి మార్చుకుంటాను. రెండు పద్ధతులకూ బయట ఉన్న లెక్క కాబట్టి పొరపాటుకు తావుండదు.

అడిగిన పిల్లలకు నేను చెప్పే దారి ఇది. స్పెయిన్ అధికారిక గెజిట్ వెబ్‌సైట్‌లో ప్లాన్ మొత్తం ఉచితంగా దొరుకుతుంది. దానికి ఐదు భాగాలు. మొదటి మూడూ నియమాలు, నాలుగోది ఖాతాల జాబితా, ఐదోది ఒక్కో ఖాతాలో ఏది వేయాలో చెప్పే నిర్వచనాలు. ఐదో భాగంలో గ్రూప్ 2, అంటే 2తో మొదలయ్యే ఖాతాలు తీసి, ఖాతా తర్వాత ఖాతా నెమ్మదిగా చదవండి. రోజుకు రెండు పేజీలు చాలు. తర్వాత స్పెయిన్ స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సైట్‌లోంచి ఏదైనా లిస్టెడ్ కంపెనీ స్పానిష్ లెక్కలు తెచ్చుకోండి. ఆ కంపెనీ సొంత సైట్‌లో ఇంగ్లిష్ ప్రతి ఉంటే అదీ తెచ్చుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి స్థిరాస్తుల నోట్ ఒక్కటే చదవండి, అంకెలను పట్టుకుని పేర్లు సరిచూసుకోండి. మన కంపెనీల చట్టం మూడో షెడ్యూల్ ప్రకారం రాసిన బ్యాలెన్స్ షీట్ ఒకటి దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది. అందులో ప్రతి వరుసకూ స్పానిష్ పేరు రాసే ప్రయత్నం చేయండి. ఎక్కడ ఆగిపోయారో ఆ వరుస నాకు రాసి పంపండి, ఏ దేశం లెక్కలు అనుకుని చేశారో కూడా రాయండి.